పసిఫిక్ డ్రైవ్ బండిని 1/24 స్కేల్‌లో కట్టుకోవడం: తుప్పు, పాచి, అతుకులతో సహా సమగ్ర మార్గదర్శి

కార్లున్న వీడియో గేములు బోలెడు. కానీ బండి మీద మమకారం పుట్టించే గేములు తక్కువ. 2024 ఫిబ్రవరి 22న పీసీకి, ప్లేస్టేషన్ 5కి వచ్చిన ‘పసిఫిక్ డ్రైవ్’ అలాంటిది. సియాటిల్‌లోని ఐరన్‌వుడ్ స్టూడియోస్ తయారు చేసింది. కథాకాలం 1998. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒలింపిక్ ద్వీపకల్పం, అందులో గోడలు కట్టి మూసేసిన ఒలింపిక్ ఎక్స్‌క్లూజన్ జోన్. అందులో చిక్కుకున్న మనకు దిక్కు ఒక్కటే, పాత స్టేషన్ వాగన్ (కప్పు వెనక డిక్కీ దాకా సాగే పొడవాటి కారు). అడవిలోకి వెళ్లిన ప్రతిసారీ అది దెబ్బలు తిని వస్తుంది. గ్యారేజీలో దానికి మందూ మాకూ చేసి మళ్లీ రోడ్డెక్కించాలి.

స్కేల్ మోడల్ (1/24 అంటే నిజం బండి పొడవులో ఇరవై నాలుగో వంతు) కట్టేవాళ్లకు ఈ బండి ఎందుకు అంత మంచి సబ్జెక్టో చెప్తాను. ఈ గేములో ప్రతి డోరూ, ప్రతి ప్యానెలూ, బంపరూ, టైరూ, హెడ్‌లైటూ విడివిడిగా పాడవుతాయి, విడివిడిగా మారతాయి. ఎడమ డోరు చెత్తలో ఏరిన రేకుతో చేసింది కావచ్చు, దాని పక్కదే మంచి స్టీలుది కావచ్చు. అంటే ఒకే బండి మీద నాలుగైదు వయసులు కనిపిస్తాయి. పాతబడ్డ బండిలా చేసిన మోడళ్లు చాలావరకు బొమ్మల్లా కనిపించడానికి కారణం ఇక్కడే ఉంది. బండి మొత్తానికి ఒకే తుప్పు, ఒకే మురికి, ఒకే మోతాదులో పూసేస్తారు. ఈ మార్గదర్శిలో పద్ధతి వేరు: ముందు ఏ ప్యానెల్‌ను ఆ ప్యానెల్‌గా పాతబెడతాం, ఆ తర్వాత ఒకే వాన, ఒకే బురద అన్నిటి మీదా కురిపించి కలుపుతాం.

1. కత్తి పట్టే ముందు: చూడటం, రాసుకోవడం

గేములో గ్యారేజీలో బండి ఆపి, చుట్టూ తిరిగి స్క్రీన్‌షాట్లు తీసుకోండి. ముందు, వెనక, రెండు పక్కలు, పైకప్పు. మీరు ఆడుతున్న బండినే కట్టండి. కంపెనీ పోస్టర్‌లో ఉన్న బండి కన్నా, మీ ఆటలో మీరు అతుకులేసిన బండికి కథ ఎక్కువ.

తర్వాత చూడాల్సింది వాతావరణం. ఒలింపిక్ ద్వీపకల్పంలోని హో రెయిన్ ఫారెస్ట్‌లో ఏటా సుమారు 140 అంగుళాల వాన పడుతుంది. చెట్ల కొమ్మల నిండా నాచు వేలాడుతూ ఉంటుంది. కాబట్టి ఈ బండి మీద ఎడారి దుమ్ము పనికిరాదు. ఉండాల్సినవి తడి బురద, పచ్చటి పాచి, కుళ్లిన ఆకులు, నీరు నిలిచినచోట తుప్పు. సియాటిల్ పక్కన బెల్‌వ్యూ, రెడ్‌మండ్ వైపు ఉండే మన తెలుగువాళ్లకు ఆ అడవి ఓ రోజు ప్రయాణంలో అందుతుంది. వెళ్లినప్పుడు చెట్ల ఫొటోలతో పాటు పార్కింగ్‌లో పాత బండ్ల అద్దాల రబ్బరు అంచులనూ ఫొటో తీసుకోండి. పాచి ముందుగా పట్టేది అక్కడే.

తుప్పు చూడటానికి మాత్రం అంత దూరం పోనక్కర్లేదు. విజయవాడ ఆటోనగర్‌లో ఓ పూట తిరిగితే చాలు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో పాత వ్యాన్లు ఇంకా బాగా చెప్తాయి. మూడు విషయాలు గమనించండి. ఒకటి, తుప్పు ఎప్పుడూ డోరు కింది అంచు నుంచి, చక్రాల పైనున్న వంపు నుంచి, రేకుల అతుకుల నుంచి మొదలవుతుంది. నీరు లోపల నిలిచేది అక్కడే. రెండు, బయట పెయింటు బుడగలా ఉబ్బి, తర్వాత పెచ్చుగా ఊడుతుంది. మూడు, పెచ్చు ఊడినచోట నడుమ ముదురు గోధుమ, అంచుల్లో నారింజ రంగు ఉంటాయి. ముదురు తుప్పు పాతది, నారింజ తుప్పు కొత్తది. ఈ తేడా తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ఇప్పుడు కాగితం మీద బండి బొమ్మ గీసి, ఒక్కో భాగానికి ఒక్కో వాక్యం రాయండి. ఉదాహరణకు నేను సూచించే పంపకం ఇది:

- ఎడమ ముందు డోరు: కంపెనీ నుంచి వచ్చినదే. చెక్క స్టిక్కరు వెలిసి, అంచులు లేచాయి.
- ఎడమ వెనక డోరు: చెత్తరేకుతో చేసినది. వెల్డింగ్ అతుకులు, టేపు.
- బానెట్: వేరే బండిది, వేరే రంగు. నడుమ సొట్ట.
- కుడి ముందు డోరు: కొత్త స్టీలు. గీతలే తప్ప తుప్పు లేదు.
- వెనక బంపరు: తుప్పు తినేసింది, ఓ మూల ఊగుతోంది.

ఈ కాగితం పని అయ్యేదాకా మీ బల్ల మీదే ఉండాలి.

2. కిట్ ఎంచుకోవడం

గేములోని బండి ఏ కంపెనీదీ కాదు. 1970లు, 80ల నాటి అమెరికన్ వాగన్ల పోలికలతో గీసిన కల్పిత బండి. కాబట్టి అచ్చంగా అదే కిట్ కోసం వెతుక్కోకుండా, ఆకారం దగ్గరగా ఉన్నది తీసుకోవాలి. ఏఎమ్‌టీ వాళ్ల 1/25 స్కేల్ 1965 షెవెల్ వాగన్ ఓ దారి. కాస్త గుండ్రంగా ఉంటుంది గానీ లోపలి భాగాలు, ఇంజను బాగా ఇస్తారు. పెట్టెలాంటి ఆకారం కావాలంటే ఆఓషిమా 1/24 నిస్సాన్ సెడ్రిక్ వాగన్ ఇంకా దగ్గర. అయితే అది జపాన్ బండి కనుక స్టీరింగ్ కుడివైపు ఉంటుంది. డాష్‌బోర్డును నిలువునా కోసి, భాగాలు అటూ ఇటూ మార్చి అతకాలి. 1/24కీ 1/25కీ తేడా కంటికి ఆనదు, ఒకదాని టైర్లు మరోదానికి వాడుకోవచ్చు.

డై-కాస్ట్ బండితోనూ, అంటే లోహంతో పోతపోసిన బొమ్మ కారుతోనూ చేయొచ్చు. పెయింట్ రిమూవర్‌తో పాత రంగు తీసేసి మొదలుపెట్టాలి. కాకపోతే లోహాన్ని పలచన చేయడం, చిల్లులు పొడవడం చాలా కష్టం. మొదటిసారి చేసేవాళ్లకు నా సలహా ప్లాస్టిక్ కిట్టే.

3. సామాను

స్ప్రూ కట్టర్ (స్ప్రూ అంటే కిట్ భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం), పదునైన హాబీ కత్తి, 400, 800, 1500 నంబర్ల వాటర్ పేపరు, చేతి డ్రిల్లు (0.5 మి.మీ., 1 మి.మీ. బిట్లు), టామియా ఎక్స్‌ట్రా థిన్ సిమెంటు, ఫెవిక్విక్, ఎం-సీల్, 0.3 మి.మీ. ప్లాస్టిక్ షీటు, ఖాళీ కూల్‌డ్రింక్ క్యాన్, వంటింటి అల్యూమినియం ఫాయిల్, మాస్కింగ్ టేపు. రంగుల వైపు గ్రే ప్రైమరు, టామియా అక్రిలిక్‌లు, సాదా హెయిర్ స్ప్రే, ట్యూబు ఆయిల్ పెయింట్లు మూడు (బర్న్ట్ అంబర్, బర్న్ట్ సియెన్నా, తెలుపు), వైట్ స్పిరిట్, ముతక స్పాంజి ముక్క, మాట్ వార్నిష్ (మెరుపు లేనిది), గ్లాస్ వార్నిష్ (మెరిసేది).

ఎయిర్‌బ్రష్ ఉంటే హాయి. 0.3 మి.మీ. నాజిల్ చాలు. లేకపోయినా ఈ బండి ఆగదు, ఎందుకంటే దీనికి కావలసింది నున్నటి ఫినిషింగ్ కాదు. కార్ల సామాన్ల కొట్లో దొరికే స్ప్రే డబ్బాలు వాడేటట్టయితే ముందు స్ప్రూ ముక్క మీద పరీక్షించండి. కొన్నిటిలోని ఘాటు సాల్వెంట్ ప్లాస్టిక్‌ను తినేస్తుంది. స్ప్రే పని ఏదైనా కిటికీ తెరిచి, మాస్కు పెట్టుకునే చేయాలి. దుమ్ముకు పెట్టుకునే గుడ్డ మాస్కు సాల్వెంట్ ఆవిరిని ఆపదు, కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి.

4. బాడీని గాయపరచడం

కిట్ భాగాలను గిన్నెల సబ్బునీళ్లలో కడిగి ఆరబెట్టండి. అచ్చులోంచి వచ్చిన జిడ్డు ఉంటే రంగు పట్టదు.

ఇక్కడ స్కేలు లెక్క ఒకటి మనసులో పెట్టుకోవాలి. నిజం బండి రేకు మందం దాదాపు 0.8 మి.మీ. 1/24లో అది 0.03 మి.మీ. అవుతుంది. కిట్ ప్లాస్టిక్ మాత్రం 1 మి.మీ. పైనే ఉంటుంది. అంటే చూడటానికి అంగుళం మందం ఉక్కులా కనిపిస్తుంది! తుప్పు చిల్లు దగ్గర ఆ మందం బయటపడితే మొత్తం భ్రమ పోతుంది. అందుకని చిల్లు పెట్టదలచిన ప్రతిచోటా, వెనక నుంచి గుండ్రటి బిట్‌తో నెమ్మదిగా అరగదీయండి. దీపానికి ఎదురుగా పట్టుకుంటే వెలుతురు కనపడేంత పలచబడాలి. అప్పుడు ముందువైపు నుంచి 0.5 మి.మీ. బిట్‌తో దగ్గర దగ్గరగా అయిదారు చుక్కలు పొడిచి, కత్తి మొనతో వాటిని కలపండి. అంచు గుండ్రంగా రాకూడదు, చీలికలు చీలికలుగా ఉండాలి. చక్రాల వంపుల అంచులనూ ఇలాగే వెనక నుంచి పలచన చేయండి. ఎవరూ దీన్ని విడిగా గుర్తించరు గానీ బండి మొత్తం తేలికవుతుంది, రేకు రేకులా కనిపిస్తుంది.

సొట్టలకు కూడా ఇదే కిటుకు. వెనక పలచన చేసి, వేడినీళ్లలో ముంచిన స్పూన్ వెనుకభాగంతో బయటి నుంచి నొక్కండి. నిప్పు దగ్గర పెడితే ప్లాస్టిక్ ముడుచుకుపోతుంది. సొట్ట చుట్టూ మడత గీత ఒకటి కత్తి మొనతో సన్నగా గీస్తే, రేకు మడిచినట్టే ఉంటుంది.

5. చెత్తరేకు డోరు

మోడల్‌కు ప్రాణం ఈ డోరే. డోరు భాగం మీద మాస్కింగ్ టేపు అంటించి, డోరు గీత వెంట పెన్సిల్‌తో గీసి, టేపు తీసి 0.3 మి.మీ. ప్లాస్టిక్ షీటు మీద అతికించి కత్తిరించండి. ఇది అడుగు పలక. దీని మీదకు కూల్‌డ్రింక్ క్యాన్‌లోంచి కోసిన రేకు ముక్కలు మూడు నాలుగు, ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కేలా ఫెవిక్విక్‌తో అతికించాలి. క్యాన్ రేకు 0.1 మి.మీ. మందం ఉంటుంది, కిట్ ప్లాస్టిక్ కన్నా స్కేలుకు చాలా దగ్గర. క్యాన్ మీది అచ్చు రంగును వాటర్ పేపరుతో గీకి తీసేయండి, ప్రైమరు కూడా బాగా పట్టుకుంటుంది. అంచులు చేతులు కోస్తాయి, గట్టి కత్తెర వాడండి.

ముక్కలన్నీ చతురస్రాలుగా వద్దు. గ్యారేజీలో దొరికిన రేకును మనిషి ఎలా వాడుకుంటాడో అలా ఉండాలి: ఒకటి రోడ్డు బోర్డు మూల, ఒకటి పాత డబ్బా వంపు, ఒకటి ఇంకో బండి బానెట్ ముక్క. రోడ్డు బోర్డు ముక్క మీద తర్వాత పసుపు రంగు వేసి, నల్ల బాణం గుర్తులో సగం మిగిల్చితే ఎంత బాగుంటుందో చూడండి.

వెల్డింగ్ అతుకులకు స్ప్రూను కొవ్వొత్తి మీద వేడిచేసి దారంలా సాగదీయండి. ఆ దారాన్ని అతుకు వెంట పెట్టాలి. రేకు మీద ప్లాస్టిక్ సిమెంటు పట్టదు కనుక ఫెవిక్విక్ చుక్కలతో నిలపండి. ఆ తర్వాత దారం మీద మాత్రం సిమెంటు రాసి, ఓ నిమిషం ఆగి, మెత్తబడ్డాక కత్తి వెనుకంచుతో దగ్గర దగ్గరగా నొక్కుతూ పోండి. చేత్తో వేసిన వెల్డింగ్ పొంగులు అచ్చంగా వస్తాయి. బోల్టులకు రేకు వెనక నుంచి ఇంకు అయిపోయిన బాల్‌పెన్ మొనతో నొక్కితే ముందువైపు గుండ్రటి తలలు లేస్తాయి. ఇది రేకు అతికించకముందే చేయాలి.

టేపు కోసం మాస్కింగ్ టేపునే 2 మి.మీ. వెడల్పు చీలికలుగా కోసి, ఒకటి రెండు మూలలు లేచి ఉండేలా అంటించండి. లేచిన మూల కింద ఫెవిక్విక్ బొట్టు పెడితే రంగు వేసేటప్పుడు కదలదు.

6. పైకప్పు, లోపలి భాగం, లైట్లు

కప్పు మీద ర్యాకు, యాంటెన్నా, అదనపు దీపాలు, వైర్లు ఉంటాయి. ర్యాకుకు 1 మి.మీ. ప్లాస్టిక్ కడ్డీ, యాంటెన్నాకు సన్నటి గిటార్ తీగ, వైర్లకు పాత ఛార్జర్ కేబుల్ లోపలి రాగి పోగులు. వైరు ఎక్కడ మొదలై ఎక్కడ లోపలికి దిగుతుందో తెలిసేలా పెట్టండి. ఎక్కడికీ పోని వైరు అలంకారంలా మిగిలిపోతుంది.

లోపల తప్పనిసరిగా ఉండాల్సింది గేములో ప్రయాణికుడి సీటు వైపు బిగించి ఉండే ఆర్క్ అనే పరికరం, దాని మ్యాపు తెర. ప్లాస్టిక్ షీటుతో పెట్టె కట్టి, తెరకు మీ స్క్రీన్‌షాట్‌నే చిన్నగా ప్రింటు తీసి అంటించి, పైన గ్లాస్ వార్నిష్ ఓ చుక్క వేయండి. వెనక డిక్కీలో టూల్ డబ్బా, చుట్టిన కేబుల్, ఓ స్పేర్ టైరు చాలు. లోపలి భాగాన్ని బాడీ మూయకముందే పూర్తిగా రంగులేసి, మురికి పెట్టి సిద్ధం చేయాలి. తర్వాత చేయి దూరదు.

లైట్లు వెలిగితే ఈ బండి అందం రెట్టింపు. హెడ్‌లైట్లకు 3 మి.మీ. వార్మ్ వైట్ ఎల్‌ఈడీలు తీసుకోండి. యూఎస్‌బీ 5 వోల్టులతో నడిపితే ఒక్కోదానికి విడిగా 220 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. ఒక హెడ్‌లైటుకు మాత్రం 1 కిలో ఓమ్ పెడితే అది మసకగా వెలుగుతుంది, దెబ్బతిన్న లైటులా ఉంటుంది. బాడీ లోపలివైపు దీపాల చుట్టూ నల్ల రంగు దట్టంగా పూయాలి, లేకపోతే ప్లాస్టిక్‌లోంచి బానెట్ మొత్తం వెలుగుతుంది. కనెక్షన్లన్నీ వెలిగించి చూసుకున్నాకే బాడీ మూయండి.

7. రంగులు: కింద నుంచి పైకి

డోరు పలకలు, బానెట్, బంపర్లు ఇంకా అతికించకుండా, చిన్న కర్రలకు టేపుతో నిలిపి విడిగా రంగులేయండి. ముందు చెప్పిన వయసుల తేడా వచ్చేది ఈ దశలోనే.

ప్రైమరు ఆరాక తుప్పు పొర. బాగా తుప్పు పట్టాల్సిన భాగాల మీద టామియా నంబర్లలో ఎక్స్‌ఎఫ్-9 హల్ రెడ్, ఎక్స్‌ఎఫ్-10 ఫ్లాట్ బ్రౌన్, ఎక్స్‌ఎఫ్-64 రెడ్ బ్రౌన్ మూడూ స్పాంజితో మచ్చలు మచ్చలుగా అద్దండి. ఒక్క రంగు కూడా చదునుగా పరుచుకోకూడదు. మరీ తినేసిన చోట బేకింగ్ సోడా చిటికెడు రంగులో కలిపి బ్రష్‌తో పొడిస్తే గరుకు వస్తుంది. వెనక బంపరుకు ఇది దట్టంగా, డోరు కింది అంచులకు కొద్దిగా. కొత్త స్టీలు డోరుకు తుప్పు పొర అసలు వద్దు, ఎక్స్‌ఎఫ్-56 మెటాలిక్ గ్రే వేయండి. తుప్పు పొర మీద వార్నిష్ కొట్టి ఓ రాత్రి ఆరనివ్వండి.

ఇప్పుడు హెయిర్ స్ప్రే. 20 సెంటీమీటర్ల దూరం నుంచి రెండు పలచటి పొరలు, మధ్యలో పది నిమిషాల విరామం. ఆరాక పై రంగు. ఆ పై రంగు అక్రిలిక్కే అయి ఉండాలి. టామియా అయితే నీళ్లతో గాని, వాళ్ల అక్రిలిక్ థిన్నర్ ఎక్స్-20ఏ తో గాని పలచన చేయండి. లాకర్ థిన్నర్ కలిపితే రంగు గట్టిగా పట్టేసి పెచ్చులు ఊడదు. బండి అసలు రంగుకు నేను సూచించేది కొద్దిగా ఎక్స్‌ఎఫ్-57 బఫ్ కలిపిన తెలుపు, వెలిసిపోయినట్టుంటుంది. బానెట్‌కు ఎక్స్‌ఎఫ్-23 లేత నీలం.

పై రంగు ముట్టుకుంటే అంటనంత ఆరగానే, అంటే అరగంటకో గంటకో, పని మొదలుపెట్టాలి. రోజంతా వదిలేస్తే మొండికేస్తుంది. పొట్టి, గట్టి బ్రష్‌ను గోరువెచ్చని నీళ్లలో ముంచి, అనుకున్నచోట తడిపి, అర నిమిషం ఆగండి. నీరు పై రంగులోంచి దిగి కింది హెయిర్ స్ప్రేను కరిగిస్తుంది. అప్పుడు బ్రష్ కొనతో మెల్లగా పొడిస్తే రంగు చిన్న చిన్న పెచ్చులుగా లేస్తుంది. పెద్ద పెచ్చుకు టూత్‌పిక్, సన్నగీతలకు సూది. డోరు కింది అంచున మొదలుపెట్టి పైకి పోయే కొద్దీ తగ్గించండి. చేయి ఆపడమే ఇక్కడ అసలు నేర్పు. ఇంకాస్త ఊడదీద్దాం అనిపించినప్పుడు బండిని మీటరు దూరంలో పెట్టి చూడండి.

పెచ్చుల అంచులకు ప్రాణం పోసేది ఓ చిన్న పని. ఆరిన తర్వాత, పై రంగు కన్నా కొంచెం లేతదైన రంగును సన్నటి బ్రష్‌తో పెచ్చు పై అంచు వెంట గీయండి. రంగు పొర మందం కంటికి తెలుస్తుంది. ఇది ముఖ్యమైన అయిదారు పెచ్చులకు చేస్తే చాలు.

చెక్క స్టిక్కరు. ఆ కాలపు అమెరికన్ వాగన్ల మీద కనిపించే చెక్క నిజం చెక్క కాదు, చెక్క బొమ్మ అచ్చేసిన వినైల్ పొర. కనుక అది చెక్కలా చీలదు, తుప్పూ పట్టదు. ఎండకు వెలుస్తుంది, సన్నటి పగుళ్లు వస్తాయి, అంచుల్లో లేచి చుట్టుకుంటుంది. లేచినచోట కింద కనిపించాల్సింది బాడీ రంగు, తుప్పు కాదు. డోరుకు ముందు బాడీ రంగు వేసి, వార్నిష్ చేసి, దాని మీద హెయిర్ స్ప్రే, ఆపైన ఎక్స్‌ఎఫ్-59 డెజర్ట్ ఎల్లో. అంచుల్లో నీళ్లతో కొద్దిగా ఊడదీసి, మళ్లీ వార్నిష్. ఆరాక బర్న్ట్ అంబర్ ఆయిల్ పెయింటు పలచగా పూసి, వెడల్పాటి పొడి బ్రష్‌ను ఒకే దిక్కుగా ముందు నుంచి వెనక్కి లాగండి. చెక్క నారలు వాటంతటవే వస్తాయి. ఊడినచోట అంటిన ఆయిల్‌ను స్పిరిట్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో తుడిచేయండి. ఆయిల్ రంగు ఆరడానికి రెండు మూడు రోజులు పడుతుంది, తొందరపడొద్దు. చుట్టూ ఉండే లేత రంగు పట్టీని సన్నటి ప్లాస్టిక్ పట్టీతో అతికించి, ఒకచోట కావాలని విరగ్గొట్టండి.

చెత్తరేకు డోరు మీద ఒక్కో ముక్కకు ఒక్కో రంగు, బ్రష్‌తోనే. టేపుకు మెటాలిక్ గ్రేలో కాస్త తెలుపు కలిపింది. వెల్డింగ్ గీత మీద ముదురు లోహపు రంగు వేసి, దానికి రెండు పక్కలా పలచటి నీలం, గోధుమ ఛాయలు సన్నగా తిప్పితే వేడికి మాడిన రేకు కనిపిస్తుంది.

8. అన్నిటినీ ఒకే అడవిలో నిలబెట్టడం

భాగాలన్నీ ఇప్పుడు అతికించండి. ఈ క్షణంలో బండి రంగుల గుడ్డల బొంతలా ఉంటుంది, అలాగే ఉండాలి. బండి మొత్తానికి మాట్ వార్నిష్ ఓ పొర ఇచ్చి, పూర్తిగా ఆరనివ్వండి.

బర్న్ట్ అంబర్‌ను వైట్ స్పిరిట్‌లో టీ నీళ్లంత పలచగా కలిపి, డోరు గీతలు, అతుకులు, బోల్టుల చుట్టూ మాత్రమే పారించండి. బండంతా పూస్తే రంగులన్నీ ఒకే బూడిదలోకి పోతాయి.

తుప్పు చారలకు బర్న్ట్ సియెన్నా చుక్కలు పెచ్చు కింద పెట్టి, అయిదు నిమిషాలాగి, స్పిరిట్‌లో తడిపి బాగా పిండేసిన చదును బ్రష్‌ను పైనుంచి కిందికి లాగండి. నీరు ఎటు జారుతుందో చార అటే. బానెట్ మీద ముందుకు, డోరు మీద నిలువుగా, కిటికీ మూలల నుంచి పొడుగ్గా. ఎడమ చెత్త డోరు మీద మొదలైన చార కింద ఉన్న వేరే ప్యానెల్ మీదకు కూడా దిగాలి. వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన రేకులు ఒకే బండివి అయ్యేది ఆ చారతోనే. కొత్త స్టీలు డోరుకు సొంత తుప్పు లేకపోయినా, కప్పు నుంచి కారిన తుప్పునీటి మరక ఒకటి దాని మీద ఉండి తీరాలి.

బురదకు ముదురు గోధుమ పిగ్మెంటు (పొడి రంగు), కొద్దిగా ప్లాస్టరాఫ్ పారిస్, మాట్ వార్నిష్ చిక్కగా కలపండి. గట్టి బ్రష్‌ను అందులో ముంచి, టూత్‌పిక్‌తో దాని వెంట్రుకలు వెనక్కి లాగి వదిలితే చక్రాల వెనక తుంపరలుగా పడుతుంది. కింది మూడో వంతు దాటనివ్వకండి. ఆరాక చక్రాల వంపుల్లో మరో పొర, ఈసారి ఇంకా ముదురు రంగుతో, కొసన గ్లాస్ వార్నిష్ కలిపి. పాత బురద పొడిగా, కొత్త బురద తడిగా కనపడాలి.

పాచి మీద మాత్రం శ్రద్ధ పెట్టి పని చేయండి, ఈ బండిని మిగతా తుప్పు మోడళ్ల నుంచి వేరు చేసేది ఇదే. ఆలివ్, పసుపు కలిసిన ఆకుపచ్చ పిగ్మెంట్లను నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో వేసి, సన్న బ్రష్‌తో కిటికీ రబ్బరు అంచులు, కప్పు మీది నీటి గాడి, వెనక బంపరు పై అంచు, అద్దం తుడిచే వైపర్ల అడుగు, ఈ నాలుగు చోట్ల చుక్కలుగా అద్దండి. తడి ఆరకముందే పొడి పిగ్మెంటు పైన చల్లితే మెత్తటి నూగులా నిలుస్తుంది. మోడళ్లలో గడ్డికి వాడే స్టాటిక్ గ్రాస్ పోగులు 2 మి.మీ. ఉన్నా, ఈ స్కేలులో అవి 5 సెంటీమీటర్ల గడ్డి అవుతాయి. పాచికి అవి వద్దు. వైపర్ల దగ్గర, ర్యాకు మూలల్లో కుళ్లిన ఆకుల కోసం వాడేసిన టీ పొడిని బాగా ఎండబెట్టి జల్లించి చిటికెడు చల్లండి. సూదుల్లాంటి ఆకులకు పాత పెయింట్ బ్రష్ వెంట్రుకలను అర మిల్లీమీటరు ముక్కలుగా కత్తిరిస్తే సరిపోతుంది.

9. అద్దాలు

ముందు అద్దం మీద వైపర్ తిరిగే వంపును మాస్కింగ్ టేపుతో కప్పి, పలచటి బఫ్ రంగు మిగతా చోట కొట్టండి. టేపు తీస్తే వైపర్ తుడిచిన విసనకర్ర ఆకారం మిగులుతుంది. ఎవరో ఇప్పటిదాకా నడిపిన బండి అని చెప్పడానికి ఇంతకన్నా చవకైన ఉపాయం లేదు. వాన చినుకులు పెట్టాలని చాలామంది ముచ్చటపడతారు. నిజం చినుకు 3 మి.మీ. ఉన్నా ఈ స్కేలులో 0.12 మి.మీ. అవుతుంది, చేత్తో పెట్టిన ప్రతి బొట్టూ పుచ్చకాయంత కనిపిస్తుంది. దాని బదులు గ్లాస్ వార్నిష్‌ను నిలువు చారలుగా లాగండి.

పగిలిన అద్దం కావాలంటే కిట్ అద్దం పక్కనపెట్టి, పారదర్శక ప్లాస్టిక్ షీటు ముక్క కోసి, ఓ బిందువు నుంచి చుట్టూ సన్నగీతలు కత్తితో గీయండి. గీతల్లో తెల్ల ఆయిల్ రంగు రుద్ది తుడిస్తే పగుళ్లు తేలతాయి. ఒక పక్క కిటికీ అద్దం తీసేసి, మబ్బు రంగు ప్లాస్టిక్ కవరు ముక్కను టేపుతో కట్టినట్టు అంటిస్తే ఇంకా నప్పుతుంది.

10. చివరి పనులు

టైర్ల అడుగును వాటర్ పేపరు మీద కొద్దిగా అరగదీయండి, నేలకు ఆనేచోట చదునుగా ఉండి బండి బరువు తెలుస్తుంది. నాలుగు టైర్లూ ఒకలా ఉండక్కర్లేదు. మరో కిట్ నుంచి తెచ్చిన ఒక టైరు, రంగు వేరైన ఒక రిమ్ము ఈ గేముకు సరిగ్గా సరిపోతాయి. స్టిక్కర్లు, డాష్‌బోర్డు మీది తలూపే బొమ్మ, యాంటెన్నా కొన మీది ఆభరణం మీ ఆటలో ఏవి ఉంటే అవే పెట్టండి.

పిగ్మెంట్లకు చేతి స్పర్శ పడదు, వార్నిష్ కొడితే పాచి నూగు అణిగిపోతుంది. అందుకే బండిని చెక్కపలకకు కింది నుంచి స్క్రూతో బిగించి, ఇక మీద పలకనే పట్టుకుని కదపండి. యూఎస్‌బీ వైరును ఛాసిస్ అడుగు నుంచి పలకలో పెట్టిన రంధ్రంలోంచి వెనక్కి తీయండి. అక్రిలిక్ పెట్టె మూత పెట్టేముందు ఫెవికాల్, ఆయిల్ రంగులు పూర్తిగా ఆరాయో లేదో చూడాలి. కనీసం వారం రోజులు తెరిచి ఉంచండి, లేకపోతే లోపలి ఆవిరి అద్దాల మీద మంచులా పడుతుంది. తీరప్రాంతపు ఇళ్లలో పెట్టెలో సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి, వానాకాలానికి ముందు మారుస్తూ ఉండండి.